ముల్లుగారి ఏడు నిమిషాలు

మా పిన్నికి మతిమరుపు జాస్తి. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతుంది. గొడుగు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడే వదిలేసి వస్తుంది. నా వయసు అడిగితే ఇప్పటికీ మూడేళ్ళు తక్కువే చెబుతుంది. కానీ ఎవరైనా తనని ఒక్క మాట అన్నారంటే, ఆ మాటా, అన్న రోజూ, అప్పుడు అవతలి మనిషి వేసుకున్న చొక్కా రంగూ సహా అప్పగించేస్తుంది. "నువ్వు మనిషివి కాదే, కోర్టు కాగితానివి" అంటుంది మా అమ్మ.

అమ్మకంటే పిన్ని ఆరేళ్ళు చిన్నది. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉంటుంది. బళ్ళలో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో పెద్ద పెద్ద డిజిటల్ గోడగడియారాలు బిగించడం ఆమె పని. మా వీధిలో ఆమెకి సెకనక్క అని పేరు. "ఇప్పుడే వస్తా" అని ఎవరన్నా అంటే, "ఇప్పుడే అంటే ఎంతసేపు?" అని నిలదీస్తుంది. కూరగాయలావిడ పిన్నిని చూసి, "అమ్మా, వంకాయలు నాలుగు నిమిషాల క్రితం కోసినవి, తీసుకో" అని ఏడిపిస్తూ ఉంటుంది.

ఈ పనిలోకి ఆమె కోరి రాలేదు. ఒక మనిషి తోస్తే వచ్చి పడింది.

పిన్నికి ఇరవై నాలుగేళ్ళప్పుడు చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పని. రెండు వందల మిషన్లున్న హాలు అది. పిన్నిది చొక్కాలకి చేతులు అతికించే వరస. ఉదయం ఎనిమిదికి గేటు వేసేసేవారు. ఆ తరవాత వచ్చినవాళ్ళు ఆ రోజుకి ఇంటికి పోవాల్సిందే. మూడుసార్లు అలా జరిగితే ఇక రానక్కర్లేదు. ఎనిమిదైందో లేదో చెప్పేది హాలు గోడ మీదున్న గుండ్రటి గడియారం. దాని తాళంచెవి ఫ్లోర్ మేనేజరు దగ్గరుండేది. ఆయన్ని చాటుగా అందరూ ముల్లుగారు అనేవారు. గడియారం ముల్లు ఆయన చెప్పినట్టు తిరుగుతుందని ఒక అర్థం, కాల్లో గుచ్చుకునే ముల్లని ఇంకో అర్థం.

పిన్ని చేతికి మా తాతయ్య వాచీ ఉండేది. రోజూ పొద్దున రేడియోలో వార్తలు మొదలయ్యేటప్పుడు దాన్ని సరిచూసుకునేది. కొన్నాళ్ళకి ఆమె ఒక సంగతి గమనించింది. హాలు గడియారం పొద్దున ఏడు నిమిషాలు ముందుండేది. భోజనాలయ్యాక చూస్తే ఏడు నిమిషాలు వెనక్కి పోయేది. అంటే పొద్దున ఏడు నిమిషాలు ముందే గేటు మూతపడుతుంది, సాయంత్రం ఏడు నిమిషాలు ఆలస్యంగా తెరుచుకుంటుంది. పిన్ని నెల రోజులు చూసింది. ఒక్క రోజూ తేడా రాలేదు.

ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే పోయేది. ఆమె తిన్నగా ఆయన గదికే వెళ్ళి, "సార్, గడియారం తప్పు చూపిస్తోంది. నా వాచీ చూడండి" అంది.

ఆయన వాచీ వంక చూడనైనా లేదు. లేచి హాల్లోకొచ్చి మిషన్లన్నీ ఆపించాడు. గడియారం కింద స్టూలు వేయించి, పిన్నిని దాని మీద ఎక్కి నిలబడమన్నాడు.

"ఈ అమ్మాయి మనందరికీ టైము నేర్పడానికొచ్చిందట. నేర్చుకుందాం" అన్నాడు.

పదింటి నుంచి భోజనాల గంట కొట్టేదాకా పిన్ని ఆ స్టూలు మీద నిలబడింది. పది నిమిషాలకోసారి ఆయన గదిలోంచి బయటికి వచ్చి, "టైమెంత?" అని అడిగేవాడు. పిన్ని తల తిప్పి గోడ మీది గడియారం చూసి గట్టిగా చదవాలి. మొదటిసారి ఆమె తన వాచీ చూసి చెప్పింది. "వినపడలేదు" అన్నాడు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ "వినపడలేదు" అన్నాడు. నాలుగోసారికి ఆమె గోడ మీదున్నదే చదివింది. ఆ తరవాత అలా పదిహేనుసార్లు చదివింది. రెండు వందల మందిలో ఒక్కరూ తల ఎత్తలేదు. మళ్ళీ మొదలైన మిషన్లు నడుస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నం చేతిలో కాగితం పెట్టి పంపేశారు. క్రమశిక్షణ లేదని అందులో రాసుంది. ఆయన అంతటితో ఆగలేదు. చుట్టుపక్కల కుట్టుపని చేయించే ప్రతి చోటికీ ఫోన్ చేసి చెప్పాడు. నెలల తరబడి పిన్నికి ఎక్కడా పని దొరకలేదు. పొద్దున్నే తయారై, మెట్ల దాకా వెళ్ళి, వెళ్ళడానికి చోటు లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చేదట. ఆ సంగతి అమ్మ చెబితేనే నాకు తెలిసింది. పిన్ని చెప్పలేదు.

ఒకరోజు ఆమె వాచీ పట్టుకుని ఒక గడియారాల దుకాణానికి వెళ్ళింది. దుకాణం పెద్దాయన కంటికి భూతద్దం తగిలించుకుని పనిలో ఉన్నాడు.

"బాగు చెయ్యాలా?"

"వద్దండి. ఇది తప్పో ఒప్పో చెప్పండి చాలు."

పెద్దాయన ఆమె ముఖం చూశాడు. వాచీ తీసుకుని, మర్నాడు రమ్మన్నాడు. మర్నాడు వెళితే, "రోజుకి రెండు సెకన్లు వెనక. ఇంతకంటే నిజం చెప్పే వాచీ ఈ వీధిలో లేదు" అన్నాడు. పిన్ని అక్కడే నిలబడి ఏడ్చేసింది. ఏమైందని ఆయన అడగలేదు. "కూర్చో. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చా?" అన్నాడు. అలా చేరిన మనిషి పదహారేళ్ళుగా అక్కడే ఉంది.

ఆ పదహారేళ్ళూ ఆమె ముల్లుగారి పేరెత్తిన రోజు లేదు. మరిచిపోయిందేమోనని మేం అనుకున్నాం. ఎంత పొరపాటో!

మొన్నామధ్య ఒక నెల నాలుగో తేదీన పెద్దాయన పని కాగితం ఇచ్చాడు. పెద్ద అంకెల డిజిటల్ గోడగడియారం ఒకటి, రెండు వందల మిషన్ల హాల్లో బిగించాలి. చిరునామా పిన్ని పాత ఫ్యాక్టరీదే. పంపింది ఫ్యాక్టరీ కాదు, దాని హెడ్డాఫీసు. సరుకు కొనేవాళ్ళు పనిగంటల గురించి గుచ్చి గుచ్చి అడుగుతున్నారట. అందుకని అన్ని హాళ్ళలోనూ ఒకే సమయం చూపించే గడియారాలు పెడుతున్నారు. కాగితంలో స్పష్టంగా ఉంది: గడియారం నెట్‌వర్క్ నుంచే సమయం తీసుకోవాలి. ఎవరూ మార్చకుండా తాళం వేసి, ఆ కోడ్ హెడ్డాఫీసుకి పంపాలి.

"ఇంకొకర్ని పంపనా?" అన్నాడు పెద్దాయన. ఆయనకి సంగతి తెలుసు.

"అక్కర్లేదు. నేనే వెళ్తా" అంది పిన్ని.

ముల్లుగారు ఇంకా అక్కడే ఉన్నాడు. జుట్టు నెరిసింది. ఒక మోకాలు వంగడం లేదు. పిన్నిని ఆయన గుర్తుపట్టలేదు.

"ఆ క్షణమే నాకు ఒళ్ళు మండిపోయింది" అంది పిన్ని, తరవాత మాకు చెబుతూ. "తిట్టుంటే బావుండేది. 'రామ్మా, మంచినీళ్ళు తాగు' అన్నాడు. పదహారేళ్ళు వాణ్ణి మోశాను. వాడు నన్ను సాయంత్రానికే దించేశాడు."

పాత గడియారం దించింది. అదే చోట కొలిచి, రసమట్టంతో గీత సరిచూసి, నాలుగు కన్నాలు వేసింది. ప్లగ్గులు దిగ్గొట్టి, పట్టీ బిగించి, గడియారం తగిలించింది. కరెంటు తీగా నెట్‌వర్క్ తీగా గొట్టంలోంచి లాగి వెనక గుచ్చింది. ఎర్రటి అంకెలు ముందు నాలుగు సున్నాలుగా వెలిగాయి. రిమోట్ నొక్కి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చింది: పన్నెండు గంటల లెక్క, తేదీ, పగటికీ రాత్రికీ ఎంత వెలుగు ఉండాలో, నెట్‌వర్క్. సున్నాలు ఒకసారి ఆరి, వెలిగాయి. పదకొండూ నలభై రెండు. తాతయ్య వాచీతో చూసుకుంది. సరిపోయింది. ఇక మిగిలింది తాళం వెయ్యడమే.

అప్పుడు ముల్లుగారు దగ్గరికొచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, దీన్ని కొంచెం ముందుకీ వెనక్కీ పెట్టుకోవచ్చా?"

"ఎంత ముందుకి సార్?"

"ఎంతో కాదు. ఓ ఏడు నిమిషాలు."

ఎనిమిది కాదు, అయిదు కాదు. అదే ఏడు.

కుదరదు సార్, హెడ్డాఫీసు ఒప్పుకోదు అని ఆమె చెప్పవచ్చు. కోడ్ కొట్టి నిచ్చెన దిగి వచ్చేయవచ్చు. కాగితంలో ఉన్న పని అదే. కానీ ఆ గడియారంలో ఇంకో సౌకర్యం ఉంది. సమయాన్ని ఎవరు ఎప్పుడు ఎంత మార్చినా అది తన లోపల రాసిపెట్టుకుంటుంది. కోరితే నెలకోసారి, ఒకటో తేదీన, ఆ చిట్టా మొత్తం ఏదో ఒక ఈమెయిలుకి పంపుతుంది. మామూలుగా ఎవరూ దాన్ని వాడరు.

పిన్ని దాన్ని తెరిచింది. హెడ్డాఫీసు ఈమెయిలు ఒక్కొక్క అక్షరమే ఎక్కించింది. తాళం తీసే ఉంచింది. నిచ్చెన దిగి, రిమోట్ ఆయన చేతిలో పెట్టింది.

"ఇదిగో సార్, సవరణ అని ఉంది కదా, దాని మీదికెళ్ళి ప్లస్ నొక్కండి. ఏడుసార్లు."

ఆయన నొక్కాడు. అంకెలు ఏడు నిమిషాలు ముందుకి గెంతాయి. ముసలి ముఖం చిన్నపిల్లాడిలా వెలిగిపోయింది.

"ఇప్పుడు వెనక్కి. మైనస్. మీరే చెయ్యండి. నేను రోజూ రాను కదా."

మూడుసార్లు ఆయన చేతే చేయించింది. పనైనట్టు రాసే కాగితంలో, 'మేనేజరు కోరిక మీద తాళం వేయలేదు' అని రాసి సంతకం పెట్టమంది. ఆయన చదవకుండానే పెట్టాడు. "తెలివైనదానివమ్మా" అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ అర్థంకాని ఉల్లాసం. పిన్ని పాటలు పాడింది. రెండోసారి అన్నం పెట్టించుకుంది. పొద్దున ఏడూ యాభై మూడు అయ్యేసరికి తాతయ్య వాచీ వంక చూసి తనలో తనే నవ్వుకునేది. "ఏంటే, ఏదో గెలిచినట్టున్నావ్" అని అమ్మ అడిగితే, "ఇంకా లేదు. ఒకటో తేదీకి" అంది.

పదహారో తేదీ పొద్దున ఆమె కావాలనే ఆ వీధిన వెళ్ళింది. కళ్ళారా చూడాలని. గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడింది. ఏడూ యాభై మూడుకి గేటు మూతపడింది. రెండు నిమిషాల తరవాత ఒకామె పరుగెత్తుకుంటూ వచ్చింది. ముప్ఫై దాటి ఉంటాయి. ఒక చేతిలో భోజనం క్యారేజీ, ఇంకో చేతిలో ఫోన్. గేటు కొట్టింది. కాపలా మనిషి లోపలి నుంచే హాలు అద్దాల వైపు చూపించాడు. ఎర్రటి అంకెలు ఇక్కడికీ కనబడుతున్నాయి. ఎనిమిదీ రెండు.

"ఇంకా అయిదు నిమిషాలుందన్నా! ఫోన్‌లో చూడు!"

"ఫోన్‌లో టైముతో నాకేం పనమ్మా? గోడ మీదున్నదే టైము. ఇది నీకు మూడోసారి కదా?"

ఆమె గేటు పక్కన గట్టు మీద కూర్చుంది. క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, ఫోన్‌లో టైము చూసుకుంటూ ఉండిపోయింది. ఎనిమిదయ్యేదాకా చూసి, అప్పుడు లేచి వెళ్ళిపోయింది.

పిన్ని రోడ్డు దాటలేదు. ఆ సాయంత్రం అమ్మకి మొత్తం చెప్పింది. గడియారం సంగతి మాకు తెలిసింది అప్పుడే. నేను పక్కనే ఉన్నాను. అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"అయితే ఆ తాళం నువ్వే వేసుంటే ఆ మనిషికి ఇవాళ పని ఉండేది."

"ఉండేది."

"రేపు వెళ్ళి వేసెయ్."

"వెయ్యను."

"ఏం?"

"పన్నెండు రోజుల రాతలు చాలవక్కా. కొత్త గడియారం, చేతకాక మార్చానంటాడు. నెలంతా రోజుకి రెండుసార్లు మార్చినట్టుంటే ఇంకేమనలేడు."

"నిన్ను స్టూలెక్కించిన రోజున తల ఎత్తని రెండు వందల మందినీ ఇన్నేళ్ళూ తిట్టుకున్నావు కదే. ఇవాళ నువ్వూ వాళ్ళలో ఒకదానివయ్యావు" అంది అమ్మ.

పిన్ని ముఖం నల్లబడింది. అయినా జవాబు చెప్పింది. "అయ్యాను. వాడు పోతే చాలు." నిజం చెప్పొద్దూ, నేను ఆ రోజు పిన్ని పక్షమే. ఇప్పుడు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీదు.

మరి పద్నాలుగు రోజులు ఆమె పాడలేదు. పొద్దున ఏడూ యాభై మూడుకి వాచీ చూసుకోవడం మాత్రం మానలేదు.

ఒకటో తేదీన గడియారం తన పని తాను చేసింది. మొదటిరోజు నేర్చుకున్నవి పోను నలభై నాలుగు మార్పులు, తేదీలూ సమయాలూ సహా. మూడో తేదీన హెడ్డాఫీసు నుంచి ఇద్దరొచ్చారు. ఇన్నేళ్ళూ ఆ నిమిషాల్లో కుట్టిన చొక్కాలు వాళ్ళ లారీల్లోనే వెళ్ళాయి. వాళ్ళకి తెలీకుండా ఉంటుందా? కానీ ఈసారి అది కాగితం మీదికి ఎక్కింది, కొనేవాళ్ళ కళ్ళబడితే మునుగుతారు. ముల్లుగారు ముప్ఫై ఏళ్ళు చేసిన ఉద్యోగం ఒక మధ్యాహ్నంతో అయిపోయింది. తాళం వెయ్యడానికి పిన్నికి కబురొచ్చింది.

ఆమె వెళ్ళేసరికి ఆయన గదిలో సామాను సర్దుకుంటున్నాడు. పిన్ని నిచ్చెన వేసి, మెనూలోకి వెళ్ళి, సవరణ సున్నా చేసి, కోడ్ కొట్టి, దాన్ని హెడ్డాఫీసుకి కాగితంలో రాసి, కవరు అంటించింది. తరవాత ఆయన గది గుమ్మంలో నిలబడింది.

"సార్, ఆ చిట్టా పెట్టింది నేనే."

ఆయన తలెత్తాడు. "నేను నీకేం చేశానమ్మా?"

పిన్ని చెప్పింది. స్టూలు, వాచీ, ఏ నెల, ఏ వారం, ఆ రోజు ఆయన వేసుకున్న బూడిదరంగు చొక్కా. ఆయన చాలాసేపు ఆమె ముఖంలో వెతికాడు. అబద్ధమాడుతున్నాడేమోనని పిన్ని కూడా వెతికింది. అబద్ధం లేదు.

"చాలామందిని నిలబెట్టానమ్మా. అందులో నువ్వెవరివో నాకెలా గుర్తుంటుంది?" అన్నాడు.

పదహారేళ్ళుగా ఆ గుమ్మంలో నిలబడి అనాలని ఆమె దాచుకున్న మాటలు బోలెడున్నాయి. నోటికి వచ్చింది ఒకటే.

"టైమెంత సార్?"

ఆయన అర్థంకాక గోడ వైపు చూశాడు. "మూడూ పది."

"వినపడలేదు."

"మూడూ పది" అన్నాడు గట్టిగా. హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఈసారి అందరూ తలలు ఎత్తారు. ఆమె పదిహేనుసార్లూ చెప్పించి ఉండేది. కానీ ఆయన మోకాలు నిలవక కుర్చీ పట్టుకున్నాడు. పిన్ని నిచ్చెన తీసుకుని బయటికొచ్చేసింది. "సంతోషంగా ఉందా?" అని ఇంటికొచ్చాక నేను అడిగాను. "ఉంది. ఎందుకుండదు?" అని విసుక్కుంది. అబద్ధం చెప్పలేదనే అనుకుంటాను.

ఆ మర్నాడే పిన్ని, గట్టు మీద కూర్చున్నామె ఎక్కడుంటుందో కాపలా మనిషిని అడిగి, వెతుక్కుంటూ వెళ్ళింది. ఆలస్యమని పంపేసిన వాళ్ళందరినీ తిరిగి తీసుకోవాలని హెడ్డాఫీసుకి అర్జీ కూడా రాసి పట్టుకెళ్ళింది. రెండు గదుల ఇల్లు. ఆమె ఇంటి దగ్గరే పాత బట్టలకి కుట్లు వేస్తోంది. పిన్ని ఏదీ దాచలేదు. తాళం వేసే అవకాశం తన చేతిలో ఉండిందనీ, ఆ పొద్దున టీ కొట్టు దగ్గర ఉన్నది తనేననీ చెప్పింది.

ఆమె మిషన్ ఆపి అంతా విన్నది. అర్జీ చదివి సంతకం పెట్టింది.

"పనికి వెళ్తాను, నాకు అవసరం" అంది. "మీరు మంచి పని చేశారని మాత్రం అననండి. రోడ్డు దాటి ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. మీ ముఖం నేను గుర్తుపెట్టుకుంటాను."

పిన్ని భోజనాల దగ్గర ఈ మాటలు ఒక్క అక్షరం పోకుండా మాకు చెప్పింది. అమ్మ ఏదో ఓదార్చబోయింది.

"వద్దక్కా. పెట్టుకోనీ" అంది పిన్ని, కంచంలోకి చూస్తూ. "నేనైనా అదే చేసేదాన్ని."

ఆ వారం ఆమెకి ఒక బళ్ళో పద్నాలుగు గడియారాలు బిగించే పని పడింది. నాలుగు రోజులు పట్టింది. ఒక్కో గడియారానికీ తాళం వేసి, అది పడిందో లేదో మళ్ళీ నొక్కి చూసుకున్నాకే నిచ్చెన దిగిందని పెద్దాయన చెప్పాడు.